నీళ్ళు పోయని సాన

ఉలి కాలిపోతే దానికి నెమలిమెడ రంగు వస్తుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పని తెలియనివాడు ఎవరో రంగు వేశారనుకుంటాడు. తెలిసినవాడు మాత్రం ఆ ఉలిని ఎత్తి పక్కన పెడతాడు. సాన చక్రం మీద నీళ్ళు పోయకుండా ఉలిని అదిమి పెడితే అంచు వేడెక్కుతుంది. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత ఇటుక రంగు, ఆఖరుకు ఆ నీలం. నీలం తేలిందంటే ఉక్కు చచ్చిందని అర్థం. ఆ తర్వాత నూరితే పదును వస్తుంది గానీ నిలవదు. కొయ్య మీద రెండు దెబ్బలకే అంచు ఎండుటాకు కొసలా ముడుచుకుపోతుంది.

ఇది నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. బడిలో నేను చదివింది మూడో తరగతి దాకానే. మిగిలిన అక్షరాలు అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాల మీద, చింతపండు మరకల మధ్య వెతుక్కుని చదివాను. ఉలి సంగతి మాత్రం ఒక మనిషి నేర్పాడు. నేర్పాలని కాదు, నా చేతిలో పని లేకుండా చెయ్యాలని. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. పోయినవాళ్ళను గురించి చెడు మాట్లాడకూడదంటారు. బతికున్నప్పుడు మాట్లాడితే పని పోతుంది, పోయాక మాట్లాడితే పాపం వస్తుంది. మరి మాలాంటివాళ్ళు ఎప్పుడు మాట్లాడాలో ఈ నీతులు చెప్పేవాళ్ళు చెప్పరు. నేను ఇప్పుడే చెప్తాను.

మా నాయన విడపనకల్లు దగ్గర నల్లరేగడి చేలలో కూలి చేసేవాడు. వాన లేని ఒక ఏడు, ఎక్కడో బడి కడుతున్నారంటే ఇటుకలు మోయడానికి పోయాడు. అక్కడ తలుపులు చేసేవాళ్ళ పక్కన కూర్చుని, తిండి వేళంతా వాళ్ళ చేతులే చూసి, పని పట్టుకున్నాడు. ఎవరూ చెప్పింది లేదు. తర్వాత బళ్ళారి సంతలో ఒక్కొక్క ఉలీ కొన్నాడు. ఏడు ఉలులు కావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఆ కాలపు ఉలికి ఒళ్ళంతా మెత్తటి ఇనుమే. కొసన మాత్రం రెండంగుళాల ఉక్కు అతికి ఉంటుంది. నూరిన కొద్దీ ఆ ఉక్కు తరుగుతుంది. నాయన చనిపోయేనాటికి ఒక్కో ఉలికి అంగుళం మిగిలింది. ఆయన నాకు ఇచ్చిపోయిన ఆస్తి అదే, ఏడు అంగుళాల ఉక్కు.

అది పట్టుకుని, కొత్తగా పెళ్ళయిన భార్యను వెంటబెట్టుకుని గుత్తికి వచ్చాను. కోట కింద ఒక గది, దాని ముందు చారెడు పంచ. పని ఒక మేస్త్రి షెడ్డులో. ఊళ్ళో మంచి తలుపు ఏది పడినా ఆయన షెడ్డులో పుట్టిందే. ఆయన పనిమంతుడు, ఆ మాట దాచను. కోపం ఉన్నంత మాత్రాన అబద్ధం రాయనక్కరలేదు.

అరవైలు ఇంకా రాలేదు. బజారులో గుడ్డల అంగడి ఉన్న శెట్టికి తలుపులు చేస్తున్నాం. ఒక ద్వారబంధానికి రంధ్రాలు తొలిచే పని నాకు వచ్చింది. శెట్టి చూడ్డానికి వచ్చి, కొయ్య కొయ్యలో దిగిన చోట వేలితో తడిమి, జేబులోంచి సూది తీసి గుచ్చి చూశాడు. దూరలేదు.

"ఇది ఎవురు చేసినారు మేస్త్రీ?"

"నా షెడ్డులో చేసిందంతా నేను చేసినట్లే శెట్టీ."

"అది కాదప్పా. ఈ చెయ్యి ఎవురిది?"

మేస్త్రి గడ్డంతో నావైపు చూపించాడు. "ఆ కూలోళ్ళ పిల్లోడిది."

"ఎవురి పిల్లోడైతే నాకేమి, సూది దూరలేదు గదా. ఇల్లు కట్టేటప్పుడు నా గడప పని ఈ పిల్లోడికే ఇయ్యి."

శెట్టి మంచి మాటే అన్నాడు. ఆ మంచి మాటే నా కొంప తీసింది.

ఆ వారంలోనే అమ్మను చూడ్డానికి ఊరికి పోయి రెండు రోజులుండి వచ్చాను. ఉలుల సంచి షెడ్డులో నా బల్ల కింద పెట్టి పోయాను. పనివాడు తన పనిముట్టు మరొకరి చూరు కింద వదలకూడదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. తిరిగొచ్చేసరికి ఏడు ఉలులూ ఒక పలక మీద వరసగా పరిచి ఉన్నాయి. ఏడింటి కొసలూ నీలం.

మేస్త్రి తలెత్తకుండా అన్నాడు. "మొద్దుబారి ఉన్యాయి గదా, నేనే సాన పట్టించినా. మేలు చేస్తే చెయ్యెత్తి దండం పెట్టల్ల."

"నీళ్ళు పోయకుండానా?"

"నీళ్ళు యాడుండాయప్పా? మనుషులకే గతి లేదు, నీ ఉలికి పొయ్యల్లా?"

షెడ్డంతా నవ్వింది. ఆ ఏడు కరువన్న మాట నిజమే. బావులు అడుగంటి, ఆడవాళ్ళు రెండు బిందెల కోసం పొద్దంతా కూర్చునేవాళ్ళు. కానీ సాన చక్రం కింద మన్ను తడిగా ఉంది. ఆ పొద్దున్నే ఆయన తన ఉలులను నీళ్ళు పోసి నూరుకున్నాడు. ఆ తడి మన్ను నేను చూశాను, నేను చూసిన సంగతి ఆయనా చూశాడు.

"మట్టి పని చేసేవాళ్ళకు ఉలి యాల? పార పట్టుకో," అన్నాడు. "నీ చేతికి అదే పొందిక."

నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. నా పక్క బల్ల మీద పనిచేసే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన లేచి ఉలులన్నీ సంచిలో సర్ది నా చేతికిచ్చాడు. నేను మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు.

కాలిన ఉలికి మందు ఒకటే. నీలం ఎంతవరకు ఎక్కిందో అంతా నూరి పారెయ్యాలి. చక్రం మీద కాదు, చేత్తో, రాతి మీద, తడి ఆరకుండా. నీలం పోయాక ఇంకా ఉక్కు మిగిలితే ఉలి బతికినట్లు. మిగలకపోతే అది ఇనుప ముక్క. నాకున్నది అంగుళం. నీలం ఎంత లోపలికి పోయిందో నూరితే గానీ తెలియదు. ఉలి బతికితే వడ్రంగిని, లేకపోతే ఆయనన్నట్లు పార పట్టుకుని కూలికి పోవాలి. నేను పోయేది అంత దూరం కాదు, మా నాయన బయలుదేరిన చోటికే.

పంచలో సానరాయి వేసుకుని కూర్చున్నాను. ముందుకు తోస్తే "పార", వెనక్కి లాగితే "పట్టుకో". ఆ మాట నోట్లో పెట్టుకునే నూరాను. రాయికి గుక్కెడు గుక్కెడు నీళ్ళు కావాలి. నీళ్ళు తెచ్చేది నా భార్య.

"ఏమయ్యా, ఆ రాయికి ఎన్ని చెంబులు తాపిస్తావు?" అంది మూడో రోజు.

"నీలం పోయేదాంకా."

"అది పోయేలోపు మనం పోతాం."

నేను ఉలి తిప్పి మళ్ళీ రాతి మీద పెట్టాను. ఆమె లోపలికి పోయి, కొర్రలు కడిగిన నీళ్ళు ఒక మూకుడులో తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవి తాగుతాదా నీ రాయి? లేకుంటే దానికీ తీపినీళ్ళే కావల్లా?"

తాగింది. అప్పటినుంచి కొర్రలు, పప్పుబేడలు, చేతులు, ఏది కడిగిన నీళ్ళయినా రాతికే వచ్చాయి. నెల మీద పది రోజులు నూరాను. మూడు ఉలులకు నీలం పోకముందే ఉక్కు అయిపోయి, అతుకు గీత బయటపడింది. వాటిలో ఒకదాన్ని ఆమె రాళ్ళుప్పు కొట్టడానికి తీసుకుంది. నాలుగు బతికాయి. ఒక్కోదానికి బొటనవేలి గోరంత ఉక్కు మిగిలింది.

గోరంత ఉక్కుతో తలుపులు చేసి బతకలేనని నాకు తెలుసు. పది తలుపులకు అది కరిగిపోతుంది. కానీ ఆ నలభై రోజుల్లో నాకు నూరడం వచ్చింది. రాయి ఎప్పుడు కొరుకుతుందో, ఎప్పుడు జారుతుందో, అంచు మీద లేచే సన్నటి పొరను తోలు మీద ఎట్లా దించాలో చెయ్యి నేర్చుకుంది. మొదట పక్కింటి కొడవలి, తర్వాత చెప్పులు కుట్టేవాని కత్తి, తర్వాత కొయ్య చెక్కే బాడిసలు, రంపాలు. ఏడాది తిరిగేసరికి గుత్తిలో కొయ్య పని చేసేవాళ్ళు సగం మంది నా పంచలో కూర్చునేవాళ్ళు. మేస్త్రి షెడ్డువాళ్ళు కూడా ఆయనకు తెలియకుండా వచ్చేవాళ్ళు. మూడో ఏడు నేనే ఒక సాన చక్రం కొన్నాను. నేను రాయి పడతాను, నా భార్య పిడి తిప్పుతుంది.

అప్పుడు శెట్టి ఇల్లు మొదలుపెట్టాడు.

గడప నిలబెట్టే రోజు మా వైపు పెద్ద సంబరం. గడపలో రంధ్రం ముందే ముక్కాలు తొలిచి ఉంచుతారు. మిగిలిన పాతిక ముహూర్తానికి, అందరి ముందర, పెద్ద పనివాడు తన ఉలితో తొలుస్తాడు. ఆయనకు ఇంటాయన కొత్త బట్టలు పెడతాడు. ఆ ఉలికి ముందురోజే పసుపు రాసి దారం కడతారు. దారం కట్టాక అది గడపను తప్ప వేరే కొయ్యను ముట్టకూడదు. ముట్టితే ఎంగిలైనట్లు లెక్క. కనుక దాని పదునును ఎవరూ పరీక్షించి చూడరు. ఇంకొక మాట కూడా ఉంది. ఆ ఉలిని పెద్ద పనివాడే నూరుకోవాలి. తన ఉలి తాను నూరుకోలేనివాడిచేత గడప ముట్టనియ్యరు.

గడపకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం అన్నం వేళకు, అన్న వచ్చాడు. పై గుడ్డలో చుట్టిన ఉలి తీశాడు. పిడికి ఇత్తడి కట్టు ఉంది. ఆ కట్టు గుత్తిలో ఒక్క ఉలికే ఉండేది.

"ఇది నూరల్ల."

"ఎవురిది?"

"నాదని చెప్పమన్యాడు."

"అయితే నీదేనా?"

"నాకు ఇత్తడి కట్టు పెట్టేంత సోకు యాడిది? ఆయనదే. కండ్లకు పొర వచ్చింది. నూరుతా నూరుతా రెండు తూర్లు వేలు కోసుకున్యాడు. అంచు కనబడదు ఆయనకు. నువ్వు నూరినావని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేడు. అందుకని నాదని చెప్పమన్యాడు."

"నువ్వెందుకు నిజం చెప్తాండావు?"

"నీ దగ్గర అబద్ధమెందుకు? నిన్ను నమ్మి తెచ్చినా."

"పెట్టి పో అన్నా," అన్నాను.

ఆయన పోయాక ఉలిని చేతిలోకి తీసుకున్నాను. నిండా రెండంగుళాల ఉక్కు. నాకు గోరంత మిగిల్చినవాడికి రెండంగుళాలు. కళ్ళకు పొర వచ్చిందని విని నా మనసు కరగలేదు. నా ఉలులు కాల్చిన రోజు ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి.

చక్రం దగ్గర కూర్చుని భార్యను పిలిచాను. ఆ ఏడు ఒక మాదిరి వానలు పడ్డాయి. నీళ్ళ బకెట్టు నిండుగా చక్రం పక్కనే ఉంది. ఆమె పిడి తిప్పుతోంది. ఉలిని అదిమాను. నిప్పురవ్వలు లేచాయి.

"నీళ్ళు పోయలేదే," అంది.

"కరువు కదా."

ఆమె బకెట్టు వైపు చూసింది, ఇత్తడి కట్టు వైపు చూసింది, తిప్పడం ఆపేసింది. "ఆయన చేసిన పనే చేస్తాండావు."

"అవును. తిప్పు."

"నేను తిప్పను." కొంగుకు చేతులు తుడుచుకుని లోపలికి పోయింది.

ఎడమచేత్తో నేనే తిప్పుకున్నాను. గడ్డిరంగు, ఇటుకరంగు, నీలం. నీలం వచ్చాక కూడా ఆపలేదు, అది పైకి పాకేదాకా పట్టాను. ఎంత పాకితే అంత మేలు. చల్లారాక నా విద్యంతా దాని మీద చూపించాను. నీలం పైన పొర మాత్రమే, లోపలి చావు బయటికి కనబడదు. మెత్తటి ఇటుకపొడి తడిగుడ్డలో అద్ది రంగంతా తుడిచేశాను. తర్వాత రాతి మీద నూరి, తోలు మీద దించాను. ముంజేతి మీద ఆనిస్తే వెంట్రుకలు రాలాయి. ఉలి తెల్లగా, పెళ్ళికొడుకులా మెరిసింది. గట్టి కళ్ళున్నవాడు కూడా కనిపెట్టలేడు. మర్నాడు అన్న వచ్చి, వెలుతురుకు పట్టి చూసి, "దేవుని చెయ్యప్పా నీది," అని తీసుకుపోయాడు.

గడప రోజు నేను పోయాను. పిలవలేదు, వీధిలో నిలబడ్డాను. మద్దిమాను గడప, రాయిలాంటి కొయ్య. పసుపు ఉలి ఆనించి మేస్త్రి మొదటి దెబ్బ వేశాడు. పెచ్చు చక్కగా లేచింది. రెండో దెబ్బకు శబ్దం మారింది. నాకు తెలిసింది, ఆయనకూ తెలిసింది. మూడో దెబ్బకు ఉలి కొరకకుండా ఎగిరింది. ఆయన దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, అంచు మీద గోరు పెట్టి జరిపాడు. గోరు ముడత మీద ఆగింది.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు శెట్టి.

"ఏమీ లేదు," అని మళ్ళీ కొట్టాడు. కొయ్య తెగలేదు, నలిగింది. పీచు లేచింది.

శెట్టి తల్లి, ముసలామె, పీట మీదనుంచి అంది. "గడప కాడ మొండికేసిందే ఉలి. ఎవురు నూరినారు దీన్ని?"

మేస్త్రికి చెప్పడానికి రెండే మాటలున్నాయి. నేనే నూరినానంటే పని రానివాడవుతాడు. ఫలానావాడు నూరినాడంటే, వాకిట్లోనే పరువు పోతుంది. ఆయన ఉలిని గడప మీద పెట్టి, "నేనే నూరినా తల్లీ," అన్నాడు.

"అయితే కడమది ఇంకొకరు చేస్తారులేప్పా," అందామె, కసురుకోకుండానే. కసురుకుని ఉంటే ఆయనకు బాగుండేది.

అన్న తన ఉలి తీసుకుని, మిగిలిన దెబ్బలు వేసి గడప దించాడు. కొత్త బట్టలు పళ్ళెంతో ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన ఆ పళ్ళెం పట్టుకుని, తలెత్తి, జనంలో నన్ను వెతికి పట్టుకున్నాడు. మేస్త్రి కూడా వెతికాడు. కానీ ఆయన చూపు నామీద ఆనలేదు, నా పక్కన నిలబడ్డ కూరలామె మీద ఆగింది. నేను కనబడాలని రెండడుగులు ముందుకు వేశాను. అయినా ఆయన ఆమెనే చూస్తున్నాడు. మూడేళ్ళు దాచుకున్న చూపు నాది, తీసుకునేవాడికి కళ్ళు లేకపోయాయి. ఆ సంగతి ఇప్పటికీ నాకు వెలితే.

ఆ పొద్దు అన్నం రెండు మార్లు పెట్టించుకుని తిన్నాను. నా భార్య వడ్డించింది. ఆ ఏడాదిలోపే మేస్త్రి పని మానుకున్నాడు. షెడ్డు ఇంకొకరి చేతికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఎదురుగా పోయేవాళ్ళను చప్పుడునుబట్టి పోల్చుకునేవాడని విన్నాను. నేను ఆ వీధిలో పోయినప్పుడల్లా కావాలని గట్టిగా నడిచేవాణ్ణి. పశ్చాత్తాపం వచ్చిందని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. రాలేదు.

నెలరోజులకు అన్న తన బాడిస నూరించుకోవడానికి వచ్చాడు. చంకలో ఒక మద్దిముక్క ఉంది. ఎందుకో అనుకున్నాను. నూరి ఇచ్చాను. ఆయన ముక్కను నా మెట్టు మీద పెట్టి, వంగి, మూడు దెబ్బలు వేశాడు. అంచును వెలుతురుకు పట్టి చూశాడు. గోరు పెట్టి జరిపాడు.

"ఏమన్నా, నా పదును మీద నమ్మకం లేదా?"

"నీ పదును మీద ఉండాది," అన్నాడు. "నీ మీద లేదు."

అప్పుడు పంచలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఎందుకని వాళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే నేను గుత్తి వదిలి పోవలసి వచ్చేది. కానీ పెద్ద పనివాడు కొట్టి చూసుకుంటే చిన్నవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళూ మర్నాటినుంచి కొయ్యముక్కలు తెచ్చుకున్నారు. ఏడాదికల్లా అది నా పంచకు ఆచారమైంది. కొడవలి తెచ్చిన ఆడవాళ్ళు కూడా గుప్పెడు గడ్డి వెంట తెచ్చి, నా కళ్ళ ముందే కోసి చూసుకుని పోయేవాళ్ళు. అనంతపురంనుంచి వచ్చిన ఒకాయన, "బాగుండాదప్పా ఈ పద్ధతి, ఇంత నిజాయితీ యాడా చూడలే," అన్నాడు. నేను రాయి తడుపుకుంటూ ఉండిపోయాను. నేను నూరిన ప్రతి అంచునూ మొహం మీదే అనుమానంగా చూస్తుంటే ఆ బాధ ఎట్లుంటుందో నూరేవాడికే తెలుసు. ఇరవై ఏళ్ళు దాన్ని మింగాను.

అన్న మాత్రం ఇంకో చోటికి పోలేదు. ఎప్పుడొచ్చినా ముక్క తెచ్చేవాడు, మూడు దెబ్బలు వేసేవాడు. ఒక రోజు నాకు ఒళ్ళు మండింది.

"అన్నా, ఇన్నేండ్లయినా కొట్టి చూస్తాండావే. నేను నీకు చెడుపు చేస్తానా?"

"నాకు చెయ్యవు."

"మరి?"

"పోయిన మేస్త్రి బతికొచ్చి మళ్ళా ఉలి పంపిస్తే ఏం చేస్తావు?"

అబద్ధం ఆడొచ్చు. ఆయన దగ్గర ఆడబుద్ధి కాలేదు. "మళ్ళా కాలుస్తా," అన్నాను.

"తెలుసు," అని అన్న బాడిసను గుడ్డలో చుట్టుకున్నాడు. "అందుకే కొయ్య తెచ్చుకుంటాండా."